గూడ్సు రైలు రాలేదంటే ప్రభుత్వానికి ఏ లెక్క చెప్పాలి?

2022 జూన్‌లో కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో కోళ్లకు మేత కరువొచ్చింది. అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్నకు కొరత లేదు. అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు. తెచ్చిపెట్టే రైళ్లే చెప్పిన రోజుకు రావడం లేదు. ఫాస్టర్ ఫార్మ్స్ అనే పెద్ద కోళ్ల కంపెనీ రైల్వేల సర్వీసు సంగతి చూసే ప్రభుత్వ బోర్డుకు పిటిషన్ పెట్టుకుంది. యూనియన్ పసిఫిక్ రైల్వే ఇలాగే చేస్తే లక్షల కోళ్లు చచ్చిపోతాయని అందులో రాసింది. జూన్ 17న బోర్డు అత్యవసర ఆదేశం ఇచ్చింది: ఆ మొక్కజొన్న రైళ్లను ముందు పంపండి, ఎక్కడిదాకా వచ్చాయో మాకు చెబుతూ ఉండండి అని.

అమెరికాలో పెద్ద రైల్వే కంపెనీలన్నీ తమ పనితీరు లెక్కలను వారం వారం ఆ బోర్డుకే పంపాలి. 2017 నుంచీ నిబంధన ఉంది. యూనియన్ పసిఫిక్ కూడా పంపుతూనే ఉంది. సగటు వేగం ఎంత, యార్డుల్లో వ్యాగన్లు ఎన్ని గంటలు ఆగాయి, లైన్ మీద ఎన్ని వ్యాగన్లున్నాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఫలానా చోట మేత నిండుకుంటోందన్న సంగతి మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు. కస్టమరే వచ్చి మొత్తుకుంటే గాని తెలియలేదు. ఇన్ని లెక్కలు అడుగుతున్నా అసలు లెక్క ఎలా తప్పిపోయింది? దానికి సమాధానం కావాలంటే ఈ నిబంధనలు ఏ సంక్షోభంలో, ఏ అవసరానికి పుట్టాయో చూడాలి.

ముందుగా మనకు కొత్తగా అనిపించే విషయం ఒకటి. మన దేశంలో బొగ్గు రైలు థర్మల్ కేంద్రానికి చేరకపోతే అడగాల్సింది ప్రభుత్వాన్నే, ఎందుకంటే రైల్వే ప్రభుత్వానిదే. అమెరికాలో రైలు సరుకు రవాణా దాదాపు మొత్తం ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంటుంది. పట్టాలు వాళ్లవే, ఇంజన్లు వాళ్లవే, ఏ రైలు ఎప్పుడు నడపాలన్న నిర్ణయమూ వాళ్లదే. పడమర వైపు బీఎన్ఎస్ఎఫ్, యూనియన్ పసిఫిక్, తూర్పు వైపు సీఎస్ఎక్స్, నార్‌ఫోక్ సదరన్ పెద్దవి. వీటితో పాటు కెనడాకు చెందిన రెండు కంపెనీలున్నాయి. ఈ ఆరింటినీ క్లాస్ వన్ రైల్వేలంటారు. చాలా ఫ్యాక్టరీల గేటు దాకా వచ్చేది వీటిలో ఒక్క కంపెనీ పట్టాలే. సర్వీసు బాగోలేదని ఇంకొకరి దగ్గరికి పోదామంటే దారి ఉండదు.

ఈ కంపెనీల మీద 1887 నుంచి ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ పెత్తనం ఉండేది. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం ఆ పట్టును బాగా సడలించింది. 1996లో కమిషన్ స్థానంలో సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు వచ్చింది. ఐదుగురు సభ్యుల చిన్న సంస్థ ఇది. పట్టాలు తప్పడం, సిగ్నళ్లు, భద్రత చూసే ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వేరు. రేట్లు, విలీనాలు, సర్వీసు సంగతి ఈ బోర్డు చూస్తుంది. దాని చేతిలో ఉన్న ముఖ్యమైన సూత్రం ఒకటే: న్యాయమైన కోరికతో ఎవరు సరుకు తెచ్చినా రైల్వే మోయాలి. కాదనకూడదు. అయితే ఎంత త్వరగా మోయాలి, ఎంత ఆలస్యమైతే మోయనట్టు లెక్క అన్నది చట్టంలో అంకెలతో లేదు. లెక్కలు అడగాల్సిన అవసరం ఈ ఖాళీలోంచే పుట్టింది.

1996లో యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ విలీనమయ్యాయి. మరుసటి ఏడాదికల్లా హ్యూస్టన్ చుట్టూ యార్డులన్నీ బిగుసుకుపోయాయి. యార్డులోకి వచ్చే రైలుకు చోటు లేదు, చోటు ఖాళీ కావాలంటే బయటికి పోవాల్సిన రైలుకు ఇంజన్ లేదు. ఆ ఇంజన్ ఇంకెక్కడో మరో యార్డు బయట నిలబడి ఉంది. గల్ఫ్ తీరంలో మొదలైన ఈ ముడి పడమటి రాష్ట్రాలంతా పాకింది. 1997 అక్టోబరు చివర్లో బోర్డు అత్యవసర ఆదేశం జారీ చేసి, ప్రతివారం పరిస్థితి రాసి పంపమంది. 1998 ఆగస్టుకు ఆ ఆదేశం ముగిసింది, ఆ రిపోర్టులూ శాశ్వతం కాలేదు. ఒళ్లు కాలినప్పుడు లెక్క అడగడం, చల్లారాక వదిలేయడం అనే అలవాటు అప్పుడే కనిపించింది.

తర్వాతి పెద్ద దెబ్బ 2013–14 చలికాలంలో తగిలింది. నార్త్ డకోటాలో బాకెన్ అనే చమురు క్షేత్రం పొంగుతున్న రోజులవి. 2014లో ఆ రాష్ట్రం రోజుకు 10 లక్షల బ్యారెళ్లు దాటింది. పైప్‌లైన్లు చాలక ఆ చమురులో పెద్ద భాగం రైలెక్కింది. అదే లైన్ల మీద గోధుమ, మొక్కజొన్న, సోయా పోవాలి. అదే సమయంలో పంట విరగపండింది, చలి ఎముకలు కొరికింది. ముఖ్యంగా బీఎన్ఎస్ఎఫ్, కెనడియన్ పసిఫిక్ లైన్లు కిక్కిరిసిపోయాయి. ఊళ్లలో ధాన్యం గోదాములు నిండిపోయి, వ్యాగన్ల కోసం పెట్టిన ఇండెంట్లు వారాల తరబడి పెండింగులో పడ్డాయి. వ్యాగన్ రాకపోతే గోదాము కొత్తగా కొనలేదు, కొన్నా ధర తగ్గిస్తుంది. 2014 మొదటి నాలుగు నెలల్లోనే నార్త్ డకోటా రైతులు 6 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయారని ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం లెక్కగట్టింది. రైలు ఆలస్యానికి మూల్యం కట్టింది పొలంలో రైతే. ఎక్కడైనా ఈ గొలుసు చివరన ఉండేవాడి మీదే భారం పడుతుంది.

బోర్డు ఆ ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో, సెప్టెంబరులో నార్త్ డకోటాలోని ఫార్గోలో విచారణలు జరిపింది. మధ్యలో విత్తనాల సమయం ముంచుకొస్తుంటే, ఎరువులు ఎలా చేరుస్తారో చెప్పండని బీఎన్ఎస్ఎఫ్, కెనడియన్ పసిఫిక్ రెండింటినీ అడిగింది. జూన్‌లో ధాన్యం వ్యాగన్ల ఇండెంట్ల పెండింగు లెక్క వారం వారం పంపమంది. చివరికి అక్టోబరు 8న క్లాస్ వన్ కంపెనీలన్నిటికీ వర్తించేలా వారపు రిపోర్టుల ఆదేశం ఇచ్చింది. ఈసారి మాత్రం చల్లారాక వదిలేయలేదు. రెండేళ్లు అభిప్రాయాలు సేకరించి, 2016 నవంబరులో దాన్ని శాశ్వత నిబంధన చేసింది. 2017 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం. ఆ లెక్కలు మరుసటి బుధవారానికి బోర్డుకు చేరాలి. అక్కడి నుంచి ఎవరైనా చూసుకోవచ్చు. అమెరికా రైలు సరుకులో సుమారు నాలుగో వంతు షికాగో మీదుగానే పోతుంది కాబట్టి, అక్కడి యార్డుల లెక్క ప్రత్యేకంగా అడుగుతారు.

ఇప్పుడు ఆ అంకెలను కాస్త దగ్గరగా చూద్దాం. మేత కథలో తప్పిపోయిన లెక్క ఇక్కడే ఉంది.

సగటు వేగం అంటే రైళ్లు తిరిగిన మైళ్లను అవి నడిచిన గంటలతో భాగించగా వచ్చేది. ఇందులోకి యార్డు రైళ్లు రావు, ఫ్యాక్టరీల దగ్గర వ్యాగన్లు పెట్టి తీసుకుపోయే లోకల్ గూడ్సులు రావు, టెర్మినళ్లలో నిలిచిన సమయమూ రాదు. అంటే యార్డు నుంచి యార్డుకు మెయిన్ లైన్ మీద రైలు ఎలా పరిగెత్తిందన్నదే ఇది చెబుతుంది. టెర్మినల్ ఆగుదల అంటే ఒక వ్యాగన్ యార్డులో సగటున ఎన్ని గంటలుందో ఆ లెక్క. ప్రతి కంపెనీ మొత్తం సగటుతో పాటు తన పది పెద్ద టెర్మినళ్ల లెక్క విడిగా ఇస్తుంది. చిన్న యార్డులు విడిగా కనబడవు. లైన్ మీద ఉన్న వ్యాగన్ల సంఖ్య ఇంకొకటి. తెలియనివాళ్లు వ్యాగన్లు ఎక్కువుంటే మంచిదే అనుకుంటారు. నిజానికి సరుకు పెరగకుండా వ్యాగన్లు మాత్రమే పెరుగుతున్నాయంటే, ఎక్కడో ఇరుక్కుని తిరిగి రావడం లేదని అర్థం. 48 గంటలకు మించి కదలని వ్యాగన్ల లెక్క, నిలిపేసిన రైళ్ల లెక్క, అవి సిబ్బంది లేక నిలిచాయా ఇంజన్ లేక నిలిచాయా అన్న కారణం కూడా ఇవ్వాలి. నా దృష్టిలో ఈ మొత్తం పట్టికలో చూడగానే పరిస్థితి తెలిసిపోయేది ఆ కారణాల వరసలోనే.

ఒక ఫ్యాక్టరీని ఊహించుకోండి. సోమ, బుధ, శుక్రవారాల్లో లోకల్ గూడ్సు వచ్చి నిండు వ్యాగన్లు పెట్టి, ఖాళీవి తీసుకుపోవాలి. 1,500 మైళ్ల అవతల నుంచి పది వ్యాగన్లు ఆదివారం రాత్రికి దగ్గర్లోని యార్డుకు సరిగ్గా టైముకే చేరాయి. సోమవారం లోకల్‌కు సిబ్బంది లేరు, రద్దయింది. వ్యాగన్లు బుధవారం వచ్చాయి. ఫ్యాక్టరీ దృష్టిలో రెండు రోజులు ఉత్పత్తి ఆగింది, పనివాళ్లు ఊరికే కూర్చున్నారు, ఆర్డరు వాయిదా పడింది. మరి రిపోర్టులో ఏమైంది? సగటు వేగంలో ఏ మార్పూ లేదు, లోకల్ గూడ్సు ఆ లెక్కలోనే లేదు కదా. ఆ యార్డులో వారానికి వెయ్యి వ్యాగన్లు వస్తాయనుకుంటే, పది వ్యాగన్లు 48 గంటలు ఎక్కువ ఆగితే మొత్తం 480 గంటలు. వెయ్యితో భాగిస్తే అరగంట కూడా లేదు. సగటు ఆగుదల 24 గంటలున్నది 24న్నర అవుతుంది. చూసేవాళ్లకు ఆ వారం ఏ గొడవా లేనట్టే ఉంటుంది. పైగా అది పది పెద్ద టెర్మినళ్లలో ఒకటి కాకపోతే ఆ అరగంట కూడా విడిగా తెలియదు.

లెక్కల్లో అబద్ధం లేదు. అడిగిన ప్రశ్నకు వచ్చిన నిజమైన జవాబే అది. 2014లో బాధ మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి మెయిన్ లైన్ ప్రశ్నలే అడిగారు. 2022 నాటికి బాధ వేరే చోటికి మారింది.

అది ఎలా మారిందో కొంచెం చెప్పాలి. తక్కువ రైళ్లు, ఇంకా పొడవైన రైళ్లు, తక్కువ ఇంజన్లు, తక్కువ మనుషులు. ప్రెసిషన్ షెడ్యూల్డ్ రైల్‌రోడింగ్ పేరుతో హంటర్ హారిసన్ అనే రైల్వే అధినేత ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని ఒక్క బీఎన్ఎస్ఎఫ్ తప్ప మిగతా పెద్ద కంపెనీలన్నీ ఏదో ఒక రూపంలో పాటించాయి. హారిసన్ 2017లో సీఎస్ఎక్స్ పగ్గాలు పట్టాక ఆ నెట్‌వర్క్ అస్తవ్యస్తమై, అక్టోబరులో బోర్డు విచారణ పెట్టాల్సి వచ్చింది. అయినా లాభాలు బాగుండటంతో మిగతావాళ్లు అదే దారి పట్టారు. ఆరేళ్లలో క్లాస్ వన్ కంపెనీలు 29 శాతం సిబ్బందిని, అంటే సుమారు 45,000 మందిని తగ్గించాయని 2022 ఏప్రిల్‌లో అప్పటి బోర్డు చైర్మన్ మార్టిన్ ఓబర్‌మన్ బహిరంగంగానే అన్నారు. కోవిడ్ తగ్గి సరుకు తిరిగి పెరిగేసరికి పిలిస్తే వచ్చే మనుషులు లేరు. మనిషి లేకపోతే కంపెనీ ముందు ఆపేది లాభం ఎక్కువ తెచ్చే దూరపు రైలునా, పది వ్యాగన్ల లోకల్‌నా? లోకల్‌నే ఆపుతుంది. బాధ లాస్ట్ మైల్‌కు, అంటే యార్డు నుంచి కస్టమర్ గేటు దాకా ఉండే ఆఖరి దూరానికి చేరింది, రిపోర్టులు ఇంకా మెయిన్ లైన్‌నే చూస్తున్నాయి.

2022 ఏప్రిల్ 26, 27 తేదీల్లో జరిగిన విచారణలో రైతు సంఘాలు, రసాయనాల కంపెనీలు, కార్మిక సంఘాలు వరసగా వచ్చి ఇదే చెప్పాయి. మే 6న బోర్డు కొత్త ఆదేశం ఇచ్చింది. బీఎన్ఎస్ఎఫ్, సీఎస్ఎక్స్, నార్‌ఫోక్ సదరన్, యూనియన్ పసిఫిక్ నాలుగూ ఎలా కోలుకుంటారో ప్లాన్ ఇవ్వాలి, రెండు వారాలకోసారి బోర్డు సిబ్బందితో ఫోన్‌లో మాట్లాడాలి, అదనపు లెక్కలు పంపాలి. క్లాస్ వన్ కంపెనీలన్నీ నెలనెలా ఉద్యోగుల వివరాలివ్వాలి. మొదటిసారి వచ్చిన ప్లాన్లు నామమాత్రంగా ఉన్నాయని జూన్ 13న బోర్డు తిప్పికొట్టి, సరిగ్గా రాసి పంపమంది.

ఈ ఆదేశంలో అసలు విలువైనవి రెండు కొత్త అంకెలు. ఒకటి, కస్టమర్‌కు మాట ఇచ్చిన ప్రయాణ ప్లాన్ ప్రకారం వ్యాగన్ చేరిందా లేదా. రెండోది, లోకల్ గూడ్సు చెప్పిన రోజున వచ్చి వ్యాగన్ పెట్టిందా, తీసుకుపోయిందా. ఊహించిన ఫ్యాక్టరీ విషయానికొస్తే, సోమవారం రద్దయిన లోకల్ ఈ రెండో అంకెలో సూటిగా తగులుతుంది. మూడుసార్లు రావాల్సింది రెండుసార్లే వచ్చిందంటే ఎంత సగటు తీసినా అది దాగదు. అయితే ఒక చిక్కు వచ్చింది. ప్లాన్ ప్రకారం చేరడం అంటే ఏమిటో ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కగట్టేది. ఎన్ని గంటల వెసులుబాటు ఇవ్వాలి, మధ్యలో ప్లాన్ మారిస్తే పాతదాన్ని చూడాలా కొత్తదాన్నా అన్నది వాళ్లిష్టం. పరీక్ష ఎవరికి వాళ్లే పెట్టుకుని మార్కులు వేసుకున్నట్టయింది. ఒక కంపెనీని దాని పాత వారంతో పోల్చవచ్చు గాని, పక్క కంపెనీతో పోల్చడానికి లేదు.

రైల్వే కంపెనీల వాదనలో నిజం లేదని అనను. మంచు తుపాను వచ్చిన వారం అంకెలు పడిపోతాయి, దానికి యాజమాన్యాన్ని నిందించలేం. ఫ్యాక్టరీ తన సైడింగ్, అంటే వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు ఖాళీ చేయకపోతే లోకల్ వచ్చినా వ్యాగన్ పెట్టలేదు. అది రైల్వే ఖాతాలో పడితే అన్యాయమే. కానీ ఇవన్నీ లెక్కను సరిగ్గా నిర్వచించడానికి కారణాలు, అసలు లెక్కే వద్దనడానికి కావు.

అదే ఏడాది చివర్లో ఇంకో విషయం బయటపడింది. ఫలానా చోటికి సరుకు కొన్నాళ్లు తీసుకోం అని రైల్వే ప్రకటించడాన్ని ఎంబార్గో అంటారు. వంతెన కొట్టుకుపోయినప్పుడో వరదలొచ్చినప్పుడో వాడాల్సింది అది. యూనియన్ పసిఫిక్ 2017లో 27 ఎంబార్గోలు పెడితే 2022లో అవి వెయ్యి దాటాయి. తీసుకోని సరుకు ఆలస్యం కాదు, కాబట్టి ఆలస్యాల లెక్కలోకి రాదు. బోర్డు డిసెంబరులో దీని మీదే రెండు రోజులు విచారణ జరిపింది. ఫాస్టర్ ఫార్మ్స్‌కు మేత రైళ్లు మళ్లీ రాకపోవడంతో ఆ నెలాఖరున రెండోసారి అత్యవసర ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి ఆదేశం మొదట 30 రోజులు, పొడిగిస్తే మరో 240 రోజుల దాకా చెల్లుతుంది. అంతకు మించి చట్టం ఒప్పుకోదు.

2022 నాటి రిపోర్టుల ఆదేశాన్ని రెండుసార్లు పొడిగించారు. 2023 డిసెంబరు 31తో అది ముగిసింది. కంపెనీలు మనుషుల్ని తీసుకున్నాయి, అంకెలు మెరుగుపడ్డాయి, నిజమే. కానీ కస్టమర్ గేటు దగ్గరి లెక్క తాత్కాలికం, మెయిన్ లైన్ లెక్క శాశ్వతం అన్న తేడా అలాగే మిగిలిపోయింది. ఇది తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మెయిన్ లైన్ వేగం కంపెనీ తన లాభం కోసమైనా చూసుకుంటుంది. చిన్న కస్టమర్ దగ్గరికి లోకల్ వచ్చిందో లేదో బయటివాళ్లు అడిగితే తప్ప చూసే వాళ్లుండరు.

ఆ తేడాను పూడ్చడానికి బోర్డు ఒక గట్టి ప్రయత్నం చేసింది. 2024 ఏప్రిల్‌లో ఖరారు చేసిన నిబంధన మొదటిసారి అంకెకు పర్యవసానాన్ని ముడిపెట్టింది. పన్నెండు వారాల కాలంలో మొదట చెప్పిన సమయానికి, 24 గంటల వెసులుబాటుతో, కనీసం 70 శాతం వ్యాగన్లు చేరాలి. లోకల్ గూడ్సు 85 శాతం సార్లు పని పూర్తిచేయాలి. ప్రయాణ సమయం ఏడాదిలో 20 శాతమో, మూడేళ్లలో 25 శాతమో పెరగకూడదు. వీటిలో ఏది తప్పినా, ఒకే రైల్వే మీద ఆధారపడిన కస్టమర్ ఇంకో రైల్వేకు తన వ్యాగన్లు అప్పగించే హక్కు కోరవచ్చు. టెర్మినల్ ప్రాంతాల్లో ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. అయినా పదేళ్లుగా పోగుచేస్తున్న లెక్కలకు తొలిసారి పళ్లు మొలిచాయి. లెక్క ఎలా కట్టాలో అందరికీ ఒకటే నిర్వచనం కూడా వచ్చింది.

కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2025 జూలైలో ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. సర్వీసు నిజంగా సరిపోని విధంగా ఉందని బోర్డు విడిగా తేల్చకుండా, ఒక అంకె తప్పినంత మాత్రాన ఇంకో కంపెనీకి దారి తెరిచే అధికారం చట్టంలో లేదన్నది కోర్టు చెప్పిన మాట. చట్టం ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. కస్టమర్ పరిస్థితి మాత్రం మళ్లీ పాత చోటికే వచ్చింది: ఒక్కో కేసులో ఎవరికి వాళ్లు పిటిషన్ పెట్టుకుని, సాక్ష్యాలు పోగుచేసుకుని, బోర్డును ఒప్పించుకోవాలి. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. ఊరి ధాన్యం గోదాముకు ఎవరుంటారు?

ఈలోగా లెక్కలడిగే పని విలీనాల వైపు నుంచి మళ్లీ వస్తోంది. 2023లో కెనడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదరన్ కలిసి సీపీకేసీ అయినప్పుడు బోర్డు ఏడేళ్ల పర్యవేక్షణ, రిపోర్టుల షరతు పెట్టింది. 2025 మేలో ఆ కంపెనీ పాత కాన్సస్ సిటీ సదరన్ లైన్ల కంప్యూటర్ వ్యవస్థను మార్చగానే దక్షిణాది రాష్ట్రాల్లో సరుకులు చిక్కుపడ్డాయి. షరతు ముందే ఉండటంతో బోర్డు కొత్తగా పోరాడకుండానే వివరాలు రాబట్టగలిగింది. అదే ఏడాది జూలైలో యూనియన్ పసిఫిక్ దాదాపు 8,500 కోట్ల డాలర్ల ఒప్పందంతో నార్‌ఫోక్ సదరన్‌ను తీసుకుంటానని ప్రకటించింది. ఆ విలీనం జరిగితే తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా ఒకే కంపెనీ పట్టాలుంటాయి. అనుమతి ఇవ్వాలో వద్దో బోర్డు తేలుస్తుంది. ఇస్తే పెట్టే షరతుల్లో, లోకల్ గూడ్సు చెప్పిన రోజున వచ్చిందా అన్న లెక్క ప్రతి యార్డుకూ విడివిడిగా, విలీనానికి ముందు ఏడాది నుంచే ఉండాలి. ముందు సంగతి రాసిపెట్టకపోతే తర్వాత దిగజారిందని ఎవరూ నిరూపించలేరు.